మీకు తెలుసా? మురుగునీటికి యంత్రం ఎంచే ముందు

ఊరి మురుగునీటిలో 99.9 శాతం నీరే. మలినమంతా కలిపితే వెయ్యింటికి ఒక పాలు. ఆ ఒక్క పాలును విడదీయడానికే కోట్ల రూపాయల టెండర్లు, పగలూ రాత్రీ తిరిగే బ్లోయర్లు, ఎకరాల కొద్దీ తొట్లు. అందులో ఏముందో పరీక్షించకుండా కేటలాగ్ చూసి కొన్న యంత్రం ఎంత ఖరీదైనదైనా మూలన పడుతుంది. పురపాలక సంఘాలకు, ఫ్యాక్టరీలకు, ఇప్పుడు పెద్ద అపార్ట్‌మెంట్లకు కూడా ఈ కొనుగోలు తప్పడం లేదు. కొనేవారికీ, ఆ నీటి పక్కన బతికేవారికీ పనికొచ్చే సంగతులు కొన్ని ఇవి.

పనివాళ్లు మురుగులోనే ఉన్నారు

1912లో మాంచెస్టర్‌కు చెందిన గిల్బర్ట్ ఫౌలర్ అమెరికా వెళ్లి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ ప్రయోగ కేంద్రాన్ని చూసి వచ్చాడు. అక్కడ సీసాల్లో మురుగు పోసి గాలి ఊదుతున్నారు. ఆయన చెప్పింది విని ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు మాంచెస్టర్‌లోని డేవీహ్యూమ్ కేంద్రంలో అదే ప్రయోగం మొదలుపెట్టారు. మురుగులోని అమ్మోనియా అంతా నైట్రేటుగా మారడానికి మొదటిసారి ఐదు వారాలు పట్టింది. అంతవరకు అడుగున దిగే మడ్డిని పారబోయడమే అందరికీ అలవాటు. వీళ్లు పైతేటను వంచేసి, మడ్డిని సీసాలోనే ఉంచి, దాని మీద కొత్త మురుగు పోశారు. మళ్లీ ఊదారు, మళ్లీ వంచారు. పోసిన ప్రతిసారీ పట్టే కాలం తగ్గుతూ ఒక రోజు లోపుకు దిగింది. ఎందుకంటే ఆ మడ్డి నిండా మలినాన్ని తిని బతికే సూక్ష్మజీవులే. 1914 ఏప్రిల్ 3న ఆ ఇద్దరూ ఈ ఫలితాన్ని సభ ముందు పెట్టారు. యాక్టివేటెడ్ స్లడ్జ్ అనే ఆ పద్ధతే ఇవాళ ప్రపంచంలోని పెద్ద నగరాల శుద్ధి కేంద్రాల్లో ఎక్కువ వాటికి మూలం. ఫౌలర్ 1916లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చాడన్నది మన దగ్గర చాలామందికి తెలియదు.

హైదరాబాద్ ఎస్‌బీఆర్‌కు తాత ఆ సీసాయే

ఆర్డర్న్, లాకెట్ చేసింది ఒకే పాత్రలో నింపడం, గాలి ఊదడం, తేరనివ్వడం, వంచడం. పెద్ద తొట్ల దగ్గర ఇన్ని వాల్వులు వేళకు చేత్తో తిప్పడం కష్టమై, ఇంజనీర్లు నీరు ఆగకుండా పారే పద్ధతికి మళ్లారు. 1970లలో అమెరికాలో రాబర్ట్ ఇర్విన్ పాత పద్ధతిని మళ్లీ పైకి తెచ్చాడు. అప్పటికి టైమర్లు, తమంతట తామే తెరుచుకునే వాల్వులు వచ్చేశాయి. దాన్నే సీక్వెన్షియల్ బ్యాచ్ రియాక్టర్, క్లుప్తంగా ఎస్‌బీఆర్ అంటున్నాం. హైదరాబాద్‌లో ఈమధ్య చేపట్టిన 31 కొత్త శుద్ధి కేంద్రాలకు ఎంచుకున్నది ఇదే. వాటి మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు.

నగరానికి ఇది తగిన ఎంపికే. విడిగా తేట తొట్టి కట్టనక్కర్లేదు, స్థలం కలిసొస్తుంది, నత్రజని కూడా తగ్గుతుంది. అయితే దీని ప్రాణం రెండు చోట్ల ఉంది: వేళలు నడిపే పీఎల్‌సీ పెట్టెలో, పైతేటను వంచే డికాంటర్‌లో. ఆ రెండూ చెడితే బాగుచేసే మనిషి దగ్గర్లో దొరకని చిన్న పట్టణానికి ఎస్‌బీఆర్ అంటగట్టడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

బ్రిటన్ నదుల లెక్క మనకు సరిపోదు

నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్‌ను బీఓడీ అంటారు. దాన్ని ఐదు రోజులపాటు కొలవడం బ్రిటన్ రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదికతో స్థిరపడింది. అక్కడి నదుల నీరు సముద్రం చేరడానికి ఐదు రోజులకు మించి పట్టదన్నది అందుకు కారణంగా చెబుతారు. తరువాత ప్రపంచమంతా 20 డిగ్రీల వద్ద ఐదు రోజులు అనే లెక్కకు వచ్చింది. మన నీళ్లు అంత చల్లగా ఉండవు. అందుకే మన ప్రమాణాల్లో బీఓడీని 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజులు కొలుస్తారు. టెండరులో ఏ లెక్కో రాయకుండా ఉత్త బీఓడీ అని వదిలేస్తే, రేపు రెండు ల్యాబుల అంకెలు కలవనప్పుడు తగవు తీర్చేవాళ్లుండరు.

రెండు అంకెల నిష్పత్తే దారి చూపుతుంది

సీఓడీ అనేది ఇంకో కొలత. సూక్ష్మజీవులు తినగలిగినదీ తినలేనిదీ అన్న భేదం లేకుండా, నీటిలోని మలినాన్ని ఘాటైన రసాయనంతో దహిస్తే ఎంత ఆక్సిజన్ పడుతుందో అది చెబుతుంది. మూడు గంటల్లోపే తేలిపోతుంది. ఇళ్ల మురుగులో బీఓడీ సాధారణంగా సీఓడీలో సగం దాకా ఉంటుంది, అంటే సూక్ష్మజీవుల చేతికి ఇవ్వొచ్చు. నిష్పత్తి 0.3 కంటే దిగితే నీటిలో వాటికి కొరుకుడు పడనివి ఎక్కువున్నాయన్నమాట. అలాంటి నీటిని గాలి తొట్టిలోకి పంపి ఎంత ఊదినా కరెంటు బిల్లే పెరుగుతుంది.

ఈ నిష్పత్తిని పట్టించుకోకపోతే ఏమవుతుందో లోకానికి తెలిసిన ఉదాహరణ మన పటాన్‌చెరు. దాదాపు 90 మందుల కంపెనీల నుంచి ట్యాంకర్లలో వచ్చే నీటిని అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం శుద్ధి చేసేది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ.

ఇందులో ఇంకో చిక్కుంది. యాంటీబయాటిక్ పని బాక్టీరియాను చంపడం. శుద్ధి తొట్టి నడిచేది బాక్టీరియాతో. చావగా మిగిలినవి మందుకు లొంగని రకాలు. అంటే శుద్ధి చేయాల్సిన తొట్టే మొండి సూక్ష్మజీవులను పెంచే చోటు కాగలదు. మంజీర, మూసీ పరీవాహక ప్రాంతాల్లో పొలాలు, చెరువులు, బావులు పోగొట్టుకున్న రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఆ నీటికి కావాల్సింది పెద్ద తొట్టి కాదు. ప్రతి కంపెనీ తన ఆవరణలోనే మందు అవశేషాన్ని విరగ్గొట్టాక, మిగిలింది మాత్రమే ఉమ్మడి కేంద్రానికి పంపాలి. ఓజోన్, ఫెంటన్ లాంటి ఆక్సీకరణ పద్ధతులు, యాక్టివేటెడ్ కార్బన్ ఉన్నది అందుకే.

కలపకూడని నీళ్లు

ఫ్యాక్టరీలో అన్ని నీళ్లనూ ఒకే గుంటలోకి వదలడం కట్టేటప్పుడు చౌక. నడిపేటప్పుడు అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ఎలక్ట్రోప్లేటింగ్ షాపునే తీసుకోండి. అక్కడి క్రోమియం ఆరు సంయోజకత గల విషరూపంలో ఉంటుంది. దాన్ని మూడు సంయోజకతకు దించాలంటే పీహెచ్‌ను 2, 3 మధ్యకు, అంటే ఘాటైన ఆమ్లంలోకి తెచ్చి సోడియం మెటాబైసల్ఫైట్ కలపాలి. ఆ తరువాత పీహెచ్‌ను 8 పైకి లేపితే క్రోమియం మడ్డిగా అడుగున దిగుతుంది. అదే షాపులో సయనైడ్ నీళ్లుంటే దారి పూర్తిగా తిరగబడుతుంది. వాటిని పీహెచ్ 10 పైన ఉంచి క్లోరిన్‌తో విరగ్గొట్టాలి. ఈ రెండు నీళ్లూ ఒకే గుంటలో కలిస్తే ఆమ్లం సయనైడ్‌ను హైడ్రోజన్ సయనైడ్ వాయువుగా మారుస్తుంది. అది మనిషిని నిమిషాల్లో చంపుతుంది. అందుకే ఇలాంటి చోట కొనాల్సిన మొదటి పరికరం వేరువేరు పైపులు.

యూరియా, డీఏపీ, బెల్లం, పేడ

ఎరువుల దుకాణంలో దొరికే యూరియా, డీఏపీ బస్తాలు శుద్ధి కేంద్రాల గోదాముల్లోనూ కనిపిస్తాయి. బాక్టీరియా పెరగడానికి మలినం ఒక్కటే చాలదు, నత్రజని, భాస్వరం కూడా కావాలి. 100 పాళ్ల బీఓడీకి 5 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం అనేది ఆపరేటర్లకు కంఠతా వచ్చే లెక్క. ఇళ్ల మురుగులో ఇవి సమృద్ధిగా ఉంటాయి. కాగితం మిల్లు నీటిలో, చక్కెర మిల్లు నీటిలో కార్బన్ మెండు, నత్రజని, భాస్వరాలు తక్కువ. బయటి నుంచి కలపకపోతే దారాల్లా పెరిగే సూక్ష్మజీవులు పైచేయి సాధించి మడ్డి తేరకుండా తేలిపోతుంది.

కొత్త కేంద్రాన్ని మొదలుపెట్టేటప్పుడు పేడ కలిపిన నీళ్లు, బెల్లం పోయడం మన దగ్గర బాగా వాడుకలో ఉంది. బెల్లం సూక్ష్మజీవులకు వెంటనే అందే తిండి, పేడ వాటికి విత్తనం. నడుస్తున్న కేంద్రం నుంచి ఒక ట్యాంకరు మంచి మడ్డి తెచ్చి పోయగలిగితే మాత్రం అంతకు మించిన విత్తనం లేదు.

కరెంటు బిల్లులో సగం గాలికే

యాక్టివేటెడ్ స్లడ్జ్ కేంద్రం వాడే కరెంటులో సగానికి పైగా గాలి ఊదడానికే పోతుంది. మన ఎండలు ఇక్కడ మనకు ఎదురు నిలుస్తాయి. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు. 30 డిగ్రీలకు చేరితే 7.6 మిల్లీగ్రాములే. ఐరోపా చలికి వేసిన బ్లోయర్ లెక్కను యథాతథంగా దించితే మే నెలలో తొట్టి ఆక్సిజన్ చాలక నల్లబడి కంపు కొడుతుంది.

ఇంకో మెలిక కేటలాగుల్లోనే దాగి ఉంటుంది. తొట్టి అడుగున బుడగలు వదిలే డిఫ్యూజర్ నుంచి ఇంత ఆక్సిజన్ నీటిలో కరుగుతుందని కంపెనీలు రాసే అంకె మంచినీటిలో కొలిచింది. సబ్బులు, డిటర్జెంట్లు ఉన్న మురుగులో సన్నబుడగల డిఫ్యూజర్ ఇచ్చేది ఇంచుమించు అందులో సగమే. అమ్మేవారిని మురుగునీటిలో ఎంత అని తప్పకుండా అడగండి. సన్నబుడగల డిఫ్యూజర్లు పైన తిరిగే ఏరేటర్ల కంటే కరెంటు ఆదా చేస్తాయన్నది నిజం. వాటి రబ్బరు పొరలు కొన్నేళ్లకు గట్టిపడతాయన్నదీ అంతే నిజం. మార్చేటప్పుడు తొట్టి ఖాళీ చేయనక్కర్లేకుండా పైకి లాగే ఏర్పాటు ఉందా అన్నది కొనేరోజే చూసుకోవాలి.

వేడి మనకు వరమయ్యే చోటు

గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి. వాటికి వెచ్చదనం ఇష్టం. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో గాట్సే లెట్టింగా 1970లలో చక్కెర దుంపల ఫ్యాక్టరీ నీటి కోసం యూఏఎస్‌బీ అనే రియాక్టరును రూపొందించాడు. నీరు అడుగు నుంచి పైకి లేస్తూ మడ్డి దుప్పటి గుండా వెళుతుంది. బ్లోయర్ లేదు. మలినం మీథేన్ వాయువుగా మారుతుంది. మిగిలే మడ్డి చాలా తక్కువ. చలిదేశంలో పుట్టిన ఈ పద్ధతి ఇళ్ల మురుగుకు బాగా కుదిరింది మాత్రం వేడిదేశాల్లోనే. మన దేశంలో 1989లో కాన్పూర్‌లో 5 ఎంఎల్‌డీతో మొదలైంది. హైదరాబాద్ అంబర్‌పేటలో మూసీ ఒడ్డున ఉన్న పాత 339 ఎంఎల్‌డీ కేంద్రం ఈ కోవకు చెందినదే.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. దీని నుంచి వచ్చే నీరు నేరుగా నదిలో వదలడానికి తగదు, వెనక ఇంకో దశ శుద్ధి ఉండాలి. కాన్పూర్ జాజ్‌మావులో ఒక పాలు తోళ్ల శాలల నీటికి మూడు పాళ్ల ఊరి మురుగు కలిపి 36 ఎంఎల్‌డీ యూఏఎస్‌బీ కట్టారు. తోళ్ల నీటిలో సల్ఫేట్ ఎక్కువ. గాలి లేని చోట అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఆ వాయువు యంత్రాలనూ, కాంక్రీటునూ కూడా తింటుంది. సల్ఫేట్ ఎంతో కొలవకుండా గాలి అక్కర్లేని పద్ధతి ఎంచడం ప్రమాదం.

మురుగు నుంచి వచ్చే మీథేన్ గ్యాసును వాడుకోవడం మనకు కొత్త కాదు. బొంబాయి మాతుంగాలోని కుష్ఠు రోగుల ఆశ్రమంలో 1897లోనే మలం నుంచి గ్యాసు పట్టి వాడారు.

లీటరు జాడీ, అరగంట

ఏ ఖరీదైన మీటరూ చెప్పని సంగతిని ఒక లీటరు గాజు జాడీ చెబుతుంది. గాలి తొట్టి నీళ్లు అందులో పోసి కదపకుండా 30 నిమిషాలు ఉంచాలి. మడ్డి 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, తొట్టిలో ఘనపదార్థం లీటరుకు 3 గ్రాములుంటే ఒక గ్రాము మడ్డి 100 మిల్లీలీటర్లు ఆక్రమించినట్టు. అది ఆరోగ్యం. 150 దాటితే మడ్డి ఉబ్బుతోందన్న హెచ్చరిక. ఈ జాడీ పరీక్ష రోజూ జరగని కేంద్రంలో ఎంత గొప్ప పరికరాలున్నా వాటి మీద నాకు నమ్మకం కుదరదు.

మూడు శాతం తగ్గితే ముప్పాతిక బరువు పోతుంది

ఒక టన్ను మడ్డిలో 99 శాతం నీరుందనుకోండి. ఘనపదార్థం 10 కిలోలు. ఆ నీటిని 96 శాతానికి దించితే మొత్తం బరువెంత? 970 కిలోలు అని చాలామంది ఠక్కున అంటారు. సరైన జవాబు 250 కిలోలు. అవే 10 కిలోలు ఇప్పుడు నాలుగు శాతమయ్యాయి, అంతే. 80 శాతానికి దించితే మిగిలేది 50 కిలోలు. ట్రాక్టరు బాడుగ ఇరవయ్యో వంతుకు పడిపోయింది.

నీరు పిండే పరికరం ఎంపిక ఇంత ముఖ్యమైనా, టెండర్లలో అందరికంటే చివర, మిగిలిన డబ్బుతో కొనేది దీన్నే. ఎండ బాగా కాసే, జాగా ఉన్న ఊళ్లకు మడ్డిని ఇసుక మీద ఆరబెట్టే మడులే మేలు. వాటిలో చెడిపోయే భాగమే లేదు, వర్షాకాలానికి మాత్రం వేరే ఏర్పాటు ఉండాలి. నగరాల్లో సెంట్రిఫ్యూజ్ స్థలం ఆదా చేస్తుంది, కరెంటు తాగుతుంది. స్క్రూ ప్రెస్ నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు తక్కువ, కరెంటూ తక్కువ. రసాయన మడ్డికి ఫిల్టర్ ప్రెస్ గట్టి బిళ్లలిస్తుంది, కానీ గుడ్డలు మార్చే మనిషి కావాలి.

పిండి ఎండబెట్టిన మడ్డి అమ్ముడుపోతుందా? అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి తన మడ్డిని మిలార్గనైట్ పేరుతో ఎరువుగా అమ్ముతోంది.

పొద్దున ఏడు గంటలకు వచ్చే వరద

అపార్ట్‌మెంట్ వాళ్లకు ఈ లెక్క ఉపయోగపడుతుంది. 500 మంది ఉన్నారనుకుందాం. తలకు రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనే లెక్కన రోజుకు 54,000 లీటర్లు. గంటకు సగటు 2,250. కానీ అందరూ స్నానాలు చేసే వేళ వచ్చేది సగటు కాదు. కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం 20,000 లోపు జనాభాకు గరిష్ఠ ప్రవాహం సగటుకు మూడు రెట్లు, అంటే గంటకు 6,750 లీటర్లు. పెద్ద నగరాల్లో, ఏడున్నర లక్షలు దాటాక, అది రెండు రెట్లే. ఊరు చిన్నదయ్యే కొద్దీ ఒడిదొడుకు ఎక్కువ. ఆ వరదను కాసేపు ఆపి నింపాదిగా పంపే ఈక్వలైజేషన్ తొట్టి చిన్నదైతే వెనకున్న ఏ యంత్రమూ నిలవదు. బిల్డర్లు జాగా కోసం మొదట కోసేది సరిగ్గా ఆ తొట్టినే. కొనుగోలుదారులు ప్లాను చూసేటప్పుడు మొదట అడగాల్సిందీ దాని గురించే.

పది ఘనమీటర్ల చక్రాల్లో ఎకరం పావు

1980ల చివర్లో నార్వేలో ఎంబీబీఆర్ పద్ధతి పుట్టింది. చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు తొట్టిలో తిరుగుతుంటాయి, వాటి లోపలి గోడల మీద సూక్ష్మజీవులు పొరగా పెరుగుతాయి. అక్కడ మొదట వచ్చిన కె1 రకం చక్రాలు ఒక ఘనమీటరులో 500 చదరపు మీటర్ల ఉపరితలం ఇస్తాయి. పది ఘనమీటర్లంటే దాదాపు ఎకరం పావు. పాత కేంద్రం సామర్థ్యం పెంచడానికి మంచి దారి. అయితే చక్రాలను ఆపే జల్లెడ తెగితే అన్నీ పంపుల్లోకి పోతాయి. నాసిరకం ప్లాస్టిక్‌వి అరిగి ముక్కలవుతాయి.

ఎంబీఆర్ పేరు దీనికి దగ్గరే, పని వేరు. మైక్రాన్‌లో పదో వంతు స్థాయి రంధ్రాలున్న పొరల గుండా నీటిని లాగుతుంది. వచ్చే నీరు చాలా తేటగా ఉంటుంది. 1989లో జపాన్‌లో యమమోటో బృందం ఆ పొరలను తొట్టిలోనే ముంచి చూపాక దీని ఖర్చు దిగొచ్చింది. దీనికి శత్రువు జుట్టు. మామూలు కేంద్రానికి 6 మిల్లీమీటర్ల సన్నజల్లెడ చాలు, ఎంబీఆర్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్లది ఉండాలి. ఆ జల్లెడ డబ్బు మిగుల్చుకుంటే లక్షల రూపాయల పొరలు జుట్టు చుట్టుకుని పాడవుతాయి.

చుక్క నీరు బయటికి పోకపోయినా ఉప్పు ఎక్కడికీ పోదు

జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అంటే ఫ్యాక్టరీ నుంచి చుక్క మురుగు బయటికి రాకూడదు. 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం మిల్లులను మూయించడంతో ఈ మాట దేశమంతా తెలిసింది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలోనూ ఇదే నియమం. ఉప్పు తక్కువున్న నీరు సూక్ష్మజీవుల తొట్టికి, ఆపైన ఆర్‌ఓకు పోతుంది. ఉప్పు ఎక్కువున్నది స్ట్రిప్పర్‌లో ద్రావకాలు వదిలించుకుని, పలుదశల ఆవిరి యంత్రంలో చిక్కబడి, చివరికి ఏటీఎఫ్‌డీ అనే డ్రయర్‌లో పొడిగా రాలుతుంది.

ఖర్చు ఎక్కడుందో భౌతిక శాస్త్రమే చెబుతుంది. వెయ్యి లీటర్ల నీటిని ఒక్కసారి ఆవిరి చేయడానికి సుమారు 630 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఆర్‌ఓ అదే నీటిని కొద్ది యూనిట్లతో పిండగలదు. అందుకే ఆర్‌ఓతో పిండగలిగినంత పిండి, మిగిలిందే ఆవిరికి పంపాలి. మూడు దశల ఆవిరి యంత్రం ఒక దశ ఆవిరిని తరువాతి దశకు వేడిగా వాడి ఖర్చును మూడో వంతు చుట్టుపక్కలకు దించుతుంది. అన్నీ అయ్యాక మిగిలిన ఉప్పు పొడి తెలంగాణలో దుండిగల్‌కు, ఆంధ్రాలో పరవాడకు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు చేరుతుంది. అది నీటిలో ఇట్టే కరిగే ఉప్పు, వాన తగలకుండా ఎప్పటికీ కాపాడాల్సిందే. మొదటే ఉప్పు తక్కువ వాడే తయారీ పద్ధతిని మించిన యంత్రం ఇందులో లేదు.

యంత్రాలు లేని కేంద్రం

కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగర మురుగు ఆ చెరువుల్లోకి చేరి ఎండకు, నాచుకు, బాక్టీరియాకు శుభ్రపడుతుంది. అందులో చేపలు పెంచుతారు, పక్కన కూరగాయలు పండిస్తారు. 2002లో దానికి చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. జాగా, ఎండ ఉన్న ఊరు చెరువుల పద్ధతిని వదిలి మోటార్ల వైపు పరుగెత్తే ముందు ఒక్కసారి కోల్‌కతా వెళ్లి చూసి రావాలి. ఫ్యాక్టరీ విషాలు కలవనివ్వకపోవడం మాత్రం దీనికి తప్పనిసరి షరతు.

భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాలకు వేరే దారి ఉంది. అక్కడ మలం సెప్టిక్ ట్యాంకుల్లో ఉంటుంది. వాటిని ఖాళీ చేసే ట్యాంకర్లు కాలువల్లో వంపకుండా ఒకచోటికి చేరిస్తే చాలు. వరంగల్‌లో, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో ఆ మలాన్ని ఆరబెట్టి, ఆక్సిజన్ తగలకుండా వేడి చేసి బొగ్గుగా మార్చే కేంద్రాలు పెట్టారు. ఊరంతా పైపులు తవ్వే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

వాసన ఆగిపోతే ప్రమాదం దగ్గరపడింది

హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు. గాలిలో అది పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దగ్గరికి చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఇంకా పెరిగితే మనిషి కూలిపోతాడు. గాలికంటే బరువైన ఆ వాయువు గుంట అడుగున చేరుతుంది. పడినవాణ్ణి తీయడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. మన దేశంలో మ్యాన్‌హోళ్లలో, అపార్ట్‌మెంట్ల సంపుల్లో ఇలా చనిపోయినవాళ్లు పేదలు, ఎక్కువమంది దళితులు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ అన్యాయం మీద జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న మన తెలుగువాడు.

ఈ మరణాలను పరికరాల ఎంపిక దగ్గరే చాలావరకు ఆపవచ్చు. సంపులో పంపును రెండు నిలువు కమ్మీల మీద జారేలా బిగించి గొలుసు కడితే, మరమ్మతుకు దాన్ని పైకి లాగొచ్చు, మనిషి దిగనక్కర్లేదు. ఈ ఏర్పాటు లేని పంపును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు.

కట్టినవి నడవాలి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ. కట్టిన సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. కట్టినదాంట్లోనే మూడో వంతుకు పైగా వృథా అవుతోంది.

మీ ఊళ్లో, మీ కాలనీలో, మీ ఫ్యాక్టరీలో కొత్త కేంద్రం పెట్టబోతున్నారా? అయితే బ్రోచరు పక్కన పెట్టి, అమ్మేవారు రెండేళ్ల కిందట పెట్టి ఇప్పటికీ నడుస్తున్న కేంద్రం ఒకటి చూపమని అడగండి. ముందుగా కబురు పెట్టకుండా పొద్దున ఏడింటికి వెళ్లండి. అక్కడి ఆపరేటరుతో మాట్లాడండి, జాడీ పరీక్ష పుస్తకం చూడండి, పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. చూపించనివారి దగ్గర కొనకండి.